రెండో వైపు చివరి పిలుపు

ఆ రికార్డు రెండో వైపు చివర్లో ఒక ఆడమనిషి కేక వేస్తుంది. శాక్సొఫోన్ ఆగిపోయి, డ్రమ్ములు ఇంకా ఆగకముందు, ఆ మధ్య సందులో గొంతు చించుకుని ఎవరినో పిలుస్తుంది. మొన్న జొహన్నెస్‌బర్గ్ నుంచి ఒక పిల్ల వచ్చింది. ఆ రికార్డు మళ్లీ వేస్తున్నారట, నా ఫొటో కావాలట. "అమ్మమ్మా, ఆ కేక వింటే ఒళ్లు గగుర్పొడుస్తుంది. మన జాతి గొంతంతా అందులోనే ఉంది" అంది. జాతీ లేదు, గీతీ లేదు. అందులో ఉన్నది నేనూ మా ఆయనా. ఆ ఒక్క ఊపిరీ నేను బిగబట్టుకుని ఉంటే ఆయన ఇవాళ ఈ కుర్చీలో కూర్చుని ఆ పిల్లని విసుక్కుంటూ ఉండేవాడు.

ఫొటో ఇవ్వలేదు. టీ ఇచ్చి పంపేశాను.

అరవై అయిదులో, చలికాలం. మాకది జూన్‌లో మొదలవుతుంది. క్వీన్స్‌టౌన్ పక్కన మా నల్లవాళ్ల బస్తీ అంటే అప్పట్లో జాజ్‌కి పుట్టిల్లు. ప్రతి వీధిలో ఒక బాకా, శాక్సొఫోన్‌ని మేం అలాగే అనేవాళ్లం, ప్రతి చర్చి హాల్లో ఒక పియానో. మా అత్తగారింట్లో రెండూ ఉండేవి. మామగారు బతికినన్నాళ్లూ బడిపంతులు. అత్తగారు తెల్లగుడ్డ పరిచిన బల్ల మీద తప్ప టీ తాగని మనిషి. నేనేమో కొండల అవతల పల్లెదాన్ని, ఒంటికి ఎర్రమట్టి పూసుకుని దుప్పటి కప్పుకునే వాళ్ల ఇంట్లో పుట్టినదాన్ని. పెళ్లినాడు వాళ్లు నాకు నోఖాయా అని పేరు పెట్టారు, ఇంటికి తల్లి అని. పెట్టిన నోటితో ఆవిడ ఒక్కనాడూ ఆ పేరు పిలవలేదు. "ఏమే ఎర్రమట్టీ" అనేది. తొమ్మిదేళ్లు అదే పిలుపు.

మా ఆయన పేరు ఇక్కడ చెప్పను. మాలో పెళ్లయిన ఆడది మొగుడి పేరు ఎత్తదు. మామగారి పేరు ఎత్తదు. వాళ్ల పేర్లలాగా వినిపించే మాటలు కూడా పక్కన పెట్టి వేరే మాటలు వాడుకుంటుంది. పిలవాలంటే వంశం ఉంది కదా. ఆయనది టోలో వంశం. ఆ వంశపు మగవాణ్ని మర్యాదగా పిలవాలంటే వాళ్ల ముత్తాతల పేర్లు పట్టుకుని పిలవాలి: ద్లాంగమాండ్ల, మ్చెంగె, మబనెకాజీ. పొద్దున్న టీ పెట్టి "లేవండి ద్లాంగమాండ్లా" అనేదాన్ని. ఏదైనా గొప్పపని చేసిననాడు వరస మొత్తం పిలిచేదాన్ని. ఆయన నన్ను మాక్వాతీ అనేవాడు, క్వాతీ వంశపు ఆడపడుచుని కాబట్టి.

అంతకు ముందేడు ఆయన మీద తెల్లదొరల సర్కారు నిషేధపు కాగితం పడింది. బడిలో పాఠం చెప్పకూడదు. ఊరు దాటకూడదు. ఆయన మాట గానీ ఆయన పాట గానీ ఎక్కడా బయటికి రాకూడదు. ఇంట్లోవాళ్లు కాక బయటివాళ్లలో ఒక్కరితో తప్ప ఇద్దరితో కలిసి ఉండకూడదు. సోమవారం సోమవారం పోలీసు స్టేషన్‌కి వెళ్లి సంతకం పెట్టాలి. తప్పితే జైలు. ఆ చలికాలమే కొత్త చట్టం కూడా వచ్చింది, కేసు లేకుండానే నూట ఎనభై రోజులు లోపల ఉంచుకోవచ్చునట. పంతులు ఉద్యోగం పోయి ఉన్ని గిడ్డంగిలో ఉన్ని ఏరే పనికి కుదిరాడు. గొర్రెకొవ్వు అంటి వేళ్లు మెత్తబడి, బాకా మీటల మీద జారిపోయేవి. ఇంటికి రాగానే బూడిదతో చేతులు తోముకునేవాడు, తిట్టుకుంటూ.

అయినా ఆ మనిషి ఊరుకున్నాడా? రికార్డు వేస్తానని కూర్చున్నాడు. బ్యాండు మొత్తం ఒకచోట కలవడానికి లేదు కాబట్టి ఒక్కొక్కరినే పిలిచేవాడు. మంగళవారం పియానో అతను. గురువారం బేస్ అతను. ఎవరి భాగం వాళ్లకి నేర్పి పంపేవాడు. అన్నీ కలిస్తే ఎలా ఉంటుందో ఆయన బుర్రలో తప్ప ఎక్కడా లేదు. బాకా నోట్లో నా పాత లంగాగుడ్డ కుక్కి వాయించేవాడు, వీధికి వినపడకుండా.

ఆదివారాలు గిడియన్‌వి. గిడియన్ డ్రమ్ములు వాయిస్తాడు. పగలు రైల్వే యార్డులో పెట్టెలు తగిలించే పని. అమెరికా రికార్డులు విని నేర్చుకున్న చేతులు. ఒక ఆదివారం మా వంటింట్లో బోర్లించిన బకెట్టు మీద కొడుతుంటే ఆయన ఎదురుగా కూర్చుని తల అడ్డంగా ఊపుతున్నాడు.

"అది కాదు గిడియన్. అది పట్నంవాళ్ల నడక."

"మరేం కావాలో చెప్పన్నా. పొద్దున్నించి ఈ బకెట్టుని చంపుతున్నా."

ఆయన నా వైపు తిరిగాడు. "మాక్వాతీ, జొన్నచేలో పిట్టల్ని తోలే పాట ఒకటి ఉంది కదా మీ ఊళ్లో. ఒకసారి పాడు."

నేను గిన్నెలు తోముతున్నాను. పెళ్లయిన కొత్తలో బట్టలు ఉతుకుతూ ఆ పాటే అందుకుంటే అత్తగారు వచ్చి దభాలున కిటికీ మూసింది. ఆయన చూసి, నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు. ఇప్పుడు ఆయనకి అవసరం పడింది గనక నా పాట బంగారమైంది.

"నాకేం వచ్చు, ఎర్రమట్టిదాన్ని" అన్నాను.

ఆయన ముఖం చిన్నబోయింది. "తప్పే. తొమ్మిదేళ్ల తప్పు. తర్వాత తిట్టు. ఇప్పుడు పాడు."

"పాడు వదినా, నీకు పుణ్యముంటుంది. ఈయన నన్ను వదలడు" అన్నాడు గిడియన్.

పాడాను. మసిచేతులతోనే చప్పట్లు కొడుతూ పాడాను. *దిగకు దిగకు, ఇది నీ చేను కాదు. విత్తినవాళ్లు చూస్తున్నారు, ఇది నీ చేను కాదు.* గిడియన్ కర్రలు రెండు దెబ్బలు వేసి ఆగిపోయాయి.

"వదినా, ఒకటి ఎక్కడ పడుతోంది?"

"ఒకటేమిటి?"

"దెబ్బ మొదలు. ఎక్కడ మొదలవుతుంది?"

"మొదలేం ఉండదయ్యా. గొంతు ముందు పోతుంది. చేతులు వెనకాల వస్తాయి, తల్లి వెనక పిల్లలు వచ్చినట్టు. కలిసి నడవాలని ఎక్కడుంది?"

అతనికి ఎక్కలేదు. చెప్పి లాభం లేదని పెరట్లోకి తీసుకుపోయి రోట్లో మొక్కజొన్నలు పోశాను. ఒక రోకలి అతనికిచ్చాను, ఒకటి నేను పట్టుకున్నాను. "నాది లేచినప్పుడు నీది పడాలి. చేతుల్ని చూసుకోకు. నా గొంతు విను." మొదట పది పోట్లకి రోకళ్లు రెండూ ఢీకొని గింజలు పెరడంతా చెదిరాయి. గిడియన్ అరచేతులు బొబ్బలెక్కాయి. తర్వాత ఎప్పుడో, వాడు చూసుకోవడం మానేసిన నిమిషంలో, వచ్చేసింది. చేతులు వెనకబడి వస్తున్నాయి, గొంతు ముందు పోతోంది, ఆ రెండిటి మధ్య సందులో నేల ఊగుతోంది. ఆయన గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. బాకాలో కుక్కిన గుడ్డ లాగి పారేసి ఊదాడు. వీధి వీధంతా విని ఉంటుంది.

అత్తగారు కిటికీ తెరిచింది. "బాగుంది. నలుగురికి చదువు చెప్పాల్సినవాళ్లు మొక్కజొన్నలు దంచుకుంటున్నారు. మీ నాన్న ఉంటే కళ్లు చల్లబడేవి."

"నాన్న ఉంటే ఆయనకీ ఒక రోకలిచ్చేవాళ్లం అమ్మా" అన్నాడు ఆయన. నా వైపు చూసి మెల్లిగా, "ఇది పిట్టల పాట కాదు మాక్వాతీ" అన్నాడు.

"మరేమిటి?"

"పిట్టలకి దారినపోయే నల్లవాణ్ని ఆపి, తిరగడానికి అనుమతి పాసుబుక్కు ఏదీ అని అడిగే అలవాటు లేదుగా."

అలా ఆ రికార్డుకి పేరు కుదిరింది, *ఇది నీ చేను కాదు* అని. అన్నీ ఆ తీరు పాటలే. ఒకటి గని కూలీల రైలు మీద, ఒకటి ఇళ్లు కూల్చేసి లారీల్లో ఎక్కించిన వాళ్ల మీద. మాటలు తక్కువ. ఉన్న మాటలు మా భాషలో, చేల మీద, పశువుల మీద. తెల్లదొరల చెవికి ఆనవు.

జూన్ మొదటి శనివారం చర్చి హాల్లో రికార్డు చేశారు. జొహన్నెస్‌బర్గ్ నుంచి రూబిన్ అనే తెల్లాయన వ్యాన్లో యంత్రం వేసుకుని వచ్చాడు. పొట్టివాడు, నిమిషం నిలవడు, మంచివాడే. ఎవరైనా అడిగితే చర్చి ఆడవాళ్ల కీర్తనలు పడుతున్నారని చెప్పమన్నారు. నాలుగింటికి హాలు ఖాళీ చెయ్యాలి, ఎవరిదో పెళ్లిచూపుల కూటం ఉంది.

ఆయన్ని హాల్లోకి రానివ్వలేదు. వెనక పాస్టరుగారు బట్టలు మార్చుకునే గది ఉంటుంది కదా, అందులో నిలబెట్టారు. తలుపు జానెడు తెరిచి, ఆ సందులో ఒక మైకు పెట్టారు. "చట్టం ప్రకారం గదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. మేం ఇక్కడున్నామని ఆయనకెలా తెలుస్తుంది?" అన్నాడు గిడియన్. అందరూ నవ్వారు గానీ అందరి కళ్లూ వీధి గుమ్మం మీదే ఉన్నాయి.

తర్వాత గిడియన్ నవ్వు ఆపేశాడు. "యంత్రం తిరుగుతున్నంతసేపూ ఎవరూ ఎవరి పేరూ ఎత్తొద్దు. ఆ గదిలో ఉన్నదెవరో ఈ రికార్డు చెప్పకూడదు. దగ్గొస్తే మింగండి. పేరొస్తే నాలుక కొరుక్కోండి. వదినా, విన్నావా?"

"నాకా చెబుతున్నావు? ఈ హాల్లో ఆయన పేరు జన్మలో ఎత్తనిదాన్ని నేనొక్కదాన్నే."

ఈసారి నిజంగా నవ్వారు. గది లోపలి నుంచి ఆయన నవ్వు కూడా వినపడింది.

మిగతా పాటలు పొద్దున్నే అయిపోయాయి. నా పాట చివరికి మిగిలింది. రెండుసార్లు చెడింది. రూబిన్ కళ్లద్దాలు తుడుచుకుంటూ ఇంగ్లీషులో ఏదో అన్నాడు. "గట్టిగా పాడమంటున్నాడు వదినా. నోట్లో దాచుకోవద్దట" అన్నాడు గిడియన్. తొమ్మిదేళ్లుగా నోట్లో దాచుకోమన్నదే విన్నాను. గట్టిగా అన్నవాడు ఈ తెల్లాయనే మొదటివాడు.

మూడోసారి గొంతు ముందు పోయింది. గిడియన్ చేతులు వెనకాల వచ్చాయి. పియానో, బేస్, ఇన్ని వారాలు ఒకరినొకరు వినకుండా నేర్చుకున్నవాళ్లు, వచ్చి కలిశారు. అప్పుడు తలుపుసందులోంచి ఆయన బాకా వచ్చింది. మనిషి కనపడడు. ఆ ఊపిరి మాత్రం నాకు తెలుసు, రాత్రీ పగలూ పక్కన విన్న ఊపిరి. నా పాటని ఎత్తుకుని, నేనెన్నడూ పోనంత ఎత్తుకి తీసుకుపోయి, అక్కడ నిలబెట్టి, అది నాదేనని నలుగురిలో ఒప్పుకున్నాడు. నాకు ఏడుపొచ్చింది, గర్వం కూడా వచ్చింది. రెండూ దాచను. బాకా ఆగింది. మా ఊళ్లో మగవాడు అంత పని చేస్తే ఆడవాళ్లు నోరు మూసుకుని కూర్చోరు. కూర్చుంటే వాణ్ని అవమానించినట్టు.

"ద్లాంగమాండ్ల! మ్చెంగె! మబనెకాజీ!" అని తలుపు వైపు తిరిగి పిలిచాను.

డ్రమ్ములు ఇంకో నాలుగు దెబ్బలు పడి ఆగాయి. రూబిన్ చెవులకి పెట్టుకున్నవి తీసేసి, కళ్లు తుడుచుకుని, గిడియన్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. ఆ కేక అతనికి పాటలో భాగమే.

బేస్ అతను మాత్రం నసిగాడు. "వంశం పేరు పడింది కదా. మళ్లీ చేద్దామా?"

ఆయన తలుపు తెరుచుకుని ముఖం బయటపెట్టాడు. చెమటతో తడిసి, పదేళ్లు చిన్నవాడైనట్టున్నాడు. "ఉండనీ. ఈ దేశంలో ద్లాంగమాండ్లలు చీమల్లాగా ఉన్నారు. నేనేనని ఎవడంటాడు? అది తీసేస్తే నేను ఈ రికార్డుకి ఒప్పుకోను." నాలుగు కావస్తోంది. పెళ్లిచూపులవాళ్లు అప్పుడే గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఉండనిచ్చారు.

ఆయన వెనక గుమ్మం నుంచి ఒక్కడూ వెళ్లాడు, నేను ముందు గుమ్మం నుంచి ఒక్కదాన్నీ వచ్చాను. రెండు వీధుల్లో నడిచి ఒకే ఇంటికి చేరాం. నా జన్మలో అంత సంతోషంగా నడిచింది లేదు.

జులై చివర్లో రికార్డు వచ్చింది. గిడియన్ కోటులో దాచి తెచ్చాడు. అట్ట మీద వాయించినవాళ్ల పేర్లు చదివాడు. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. శాక్సొఫోన్ దగ్గర మాత్రం అబెల్ ఎంబెలె అని ఉంది. దొంగపేరు రూబిన్ పెట్టాడు, తన ఆఫీసులో నేల తుడిచే ముసలాయన పేరట.

"ఈ ఎంబెలె ఎవడండీ నా ఇంట్లో?" అని అత్తగారు కూడా నవ్వింది. నాలుగు రోజులపాటు ఆయన్ని ఎంబెలెగారూ అని ఏడిపించాం. ఎంబెలె అనే ఇంటిపేరు ఏ వంశానిదో మాలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. ఆ గదిలో ఉన్న మాలో ఒక్కరికీ తట్టలేదు. సంతోషంలో మనిషికి బుర్ర పనిచెయ్యదు కాబోలు.

ఆగస్టులో ఒక బుధవారం, పది గంటలవేళ, ఒకాయన వచ్చాడు. నేను కూలికి తెచ్చుకున్న దొరసానివాళ్ల దుప్పట్లు ఇస్త్రీ చేస్తున్నాను, పొయ్యి మీద రెండో ఇస్త్రీపెట్టె కాగుతోంది. నలభై ఏళ్లవాడు, మంచి కోటు, చేతిలో టోపీ, చంకలో మా రికార్డు. గుమ్మం బయటే నిలబడి, పెద్దావిడ ఉన్నారా అని అడిగి, రమ్మన్నాకే లోపలికి వచ్చాడు.

"నా పేరు టుటానీ అమ్మా. కింగ్ విలియమ్స్ టౌన్ నుంచి ఈమధ్యనే బదిలీ మీద వచ్చాను. పాటలంటే పిచ్చి. ఇది మీ ఊరివాళ్లదని విని చూసిపోదామని."

ఏం ఉద్యోగమో చెప్పలేదు. మేం అడగలేదు. ఆయన మాట్లాడే తీరు చూసి అత్తగారు పడిపోయింది. బల్ల మీద తెల్లగుడ్డ సర్ది టీ పోసింది, ఎవరి తాలూకు అని అడిగింది. ఆయన తన తాతముత్తాతల పేర్లు చెప్పాడు, ఆవిడవి అడిగి తలవంచి విన్నాడు. నా వైపు తిరిగి "చెల్లెమ్మది ఏ వంశం?" అన్నాడు. క్వాతీ అన్నాను. "మంచి వంశం" అన్నాడు.

మా గ్రామఫోను మీద రెండో వైపు పెట్టమన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. చివరి కేక వచ్చినప్పుడు కళ్లు తెరిచాడు. ముల్లు తనే ఎత్తి, కొంచెం వెనక్కి పెట్టి, ఆ కేక మళ్లీ విన్నాడు.

"ఈ పిలిచే అమ్మ ఎవరో గానీ, ఇలాంటి పిలుపు విని ఎన్నాళ్లయిందో. మా అమ్మ మా నాన్నని ఇలాగే పిలిచేది."

నాకెందుకో చెయ్యి ఆగింది. అత్తగారు కప్పు దించి, పెదవి విరిచింది.

"ఇంకెవరు, ఇదుగో, మా కోడలే. మొగుణ్ని పిలవమంటే ఇంతే, చేలో మేకల్ని తోలినట్టు. తొమ్మిదేళ్ల నుంచి పొద్దున లేస్తే మాకీ భాగ్యం."

ఆయన నవ్వాడు. రికార్డు అట్ట తీసుకుని వేలితో ఒక వరస కింద గీత గీసినట్టు చూపించాడు. గొంతు ఏమీ మారలేదు.

"ఒక్క సందేహం తీరలేదమ్మా. ఇక్కడ బాకా వాయించినాయన ఎంబెలె అని రాసి ఉంది. ఎంబెలెలు భేలే వంశంవాళ్లు కదా. భేలేవాళ్లని పట్టుకుని ద్లాంగమాండ్ల అని ఎవరైనా పిలుస్తారా? ఆఫీసులో మా దొరలకి ఇది అర్థం కాదు. నేను చెబితే గానీ."

ఏదో కాలుతున్న వాసన వచ్చింది. చూస్తే దొరసాని దుప్పటి మీద ఇస్త్రీపెట్టె అలాగే ఉంది, చుట్టూ గోధుమరంగు పాకుతోంది. ఎత్తాను. కాలిన మచ్చ ఇస్త్రీపెట్టె అడుగంత ఉంది.

టుటానీ లేచి టీకప్పు జాగ్రత్తగా బల్ల మధ్యకి జరిపాడు. అత్తగారికి వంగి దండం పెట్టాడు. గుమ్మం దగ్గర ఆగి, టోపీ గుండెకి ఆనించుకుని, నా వైపు తిరిగాడు.

"మేలు చేశారు. డికేలా. నోని. న్ట్స్వయిబానే."

అవి మా ముత్తాతల పేర్లు. ఒకటి వదలకుండా, వరస తప్పకుండా పిలిచి కృతజ్ఞత చెప్పాడు. వాణ్ని వాళ్లమ్మ బాగా పెంచింది.

దుప్పటి అక్కడే పడేసి ఉన్ని గిడ్డంగికి పరిగెత్తాను. రెండు మైళ్లు. వాళ్లకి కారుంది. నేను చేరేసరికి గేటు దగ్గర కూలీలు గుంపుగా నిలబడి ఉన్నారు, నన్ను చూసి దారి ఇచ్చారు. ఆయన ఏరుతున్న ఉన్ని బల్ల మీద సగం ఏరి సగం ఏరక ఉంది. కోటు కూడా వేసుకోనివ్వలేదట. కోటు మేకుకి వేలాడుతోంది.

గిడియన్‌ని కూడా పట్టుకుపోయి మూడో రోజు వదిలారు. ముఖం ఒక పక్క వాచి, కన్ను మూసుకుపోయింది. "ఇంకెవరెవరున్నారు, రూబిన్ ఎవరి మనిషి అని అడుగుతున్నారు. అన్న ఏమీ చెప్పడం లేదు. చెబితే నన్ను వదిలేవాళ్లు కారు" అన్నాడు. నా ముఖం చూడలేదు. మళ్లీ మా ఇంటికి రాలేదు. కలిసి దంచిన రోకలి పెరట్లో గోడకి ఆనించి ఉంది, వాడు పెట్టిన చోటే.

చర్చిలో ఆడవాళ్లందరికీ సంగతి తెలిసిపోయింది. కోడలి కేక పట్టించిందని అత్తగారు చెప్పింది. తను అన్నమాట చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఎవరితో చెప్పను? కోడలి నోట అత్త తప్పు ఎవరు వింటారు? పైగా ఆవిడ అన్నది అబద్ధమా? పిలిచింది నేనే కదా. కాగితం మీద నేను పేరు రాస్తే ఆవిడ ముద్ర వేసింది, అంతే తేడా.

ఇంట్లో ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు. ఎర్రమట్టీ అని కూడా అనలేదు. పోలీసులు సోదా చేసి పోయినా ఆ రికార్డు దొరకలేదు, ఆవిడ దాన్ని కీర్తనల రికార్డు అట్టలో దాచింది. రోజూ పొద్దున నేను పొయ్యి రాజేసి టీ పెట్టే వేళకి తీసి గ్రామఫోను మీద పెట్టేది. మొదటి నుంచి కాదు. ముల్లు ఎక్కడ పెట్టాలో ఆవిడకి కంఠతా వచ్చేసింది. బాకా చివరి ఊపిరి, ఆ సందు, నా కేక. మళ్లీ వెనక్కి. మళ్లీ నా కేక. తెల్లగుడ్డ పరిచిన బల్ల దగ్గర కూర్చుని నన్నే చూస్తూ టీ తాగేది. నేను చెవులు మూసుకోలేదు. మూసుకుంటే ఆయన బాకా కూడా పోతుంది. ఆవిడ నా కేక కోసం పెట్టేది, నేను దాని ముందరి ఊపిరి కోసం వినేదాన్ని. ముప్పై మూడు రోజులు అలా గడిచాయి. ముప్పై మూడో రోజున తను కూడా ఏడుస్తోందని చూశాను. జాలి వెయ్యలేదు. ఎందుకు వెయ్యాలి?

ముప్పై నాలుగో రోజు కబురు వచ్చింది, వచ్చి తీసుకుపొమ్మని. ఏం తీసుకుపోవాలో కబురు తెచ్చినవాడు చెప్పలేదు. అక్కర్లేదు.

ఆయన్ని పెట్టింది సముద్రం వైపు ఊళ్లో, రైల్లో అయిదు గంటలు. అత్తగారూ నేనూ ఎదురెదురుగా కూర్చున్నాం. నేను ఆయన కోటు ఒళ్లో పెట్టుకున్నాను, ఉన్ని వాసన ఇంకా పోలేదు. మొక్కజొన్న రొట్టె కట్టుకుని వచ్చాను, ఆవిడ ముట్టలేదు, నేనూ ముట్టలేదు. చలి తగ్గింది. పట్టాల పక్కన కలబంద పూలు అయిపోవచ్చాయి. ఆ చలికాలం అక్కడితో ముగిసింది.

ఆఫీసులో ఒక కటకటాల కిటికీ, వెనక మా భాష మాట్లాడే గుమాస్తా. చిన్నవాడు. కాగితాలు తిప్పి, మెట్ల మీద జారిపడ్డాడని రాసి ఉంది అన్నాడు. చదువుతున్నప్పుడు తలెత్తలేదు.

"భార్య ఎవరు?"

నేనేనన్నాను.

"మనిషి పేరు చెప్పాలి. లోపల ఈ వారం ఇద్దరున్నారు. భార్య నోటితో పేరు చెబితే రాసుకుని లోపలికి పంపిస్తాను. అదీ పద్ధతి."

"ద్లాంగమాండ్ల" అన్నాను.

"వంశం కాదమ్మా. అసలు పేరు. కాగితం మీద వంశాలు రాయం."

అత్తగారి వైపు తిరిగాను. కన్నతల్లి, ఆవిడకి ఏ అడ్డూ లేదు. పొత్తిళ్లలో ఉన్నప్పుడు ఆ పేరు పెట్టింది ఆవిడే. ఒక్క మాట అంటే అయిపోతుంది. "మీరు చెప్పండత్తయ్యా" అన్నాను. తొమ్మిదేళ్లలో ఆవిడని నేను అడిగిన మొదటి సాయం అది.

ఆవిడ నా ముఖంలోకి చూసింది. కళ్లు తిప్పకుండా నిదానంగా చూసింది.

"నువ్వే చెప్పు" అంది. "పిలవడం నీకు బాగా వచ్చు కదా."

కోటు గుండెకి పట్టుకున్నాను. కిటికీకి దగ్గరగా జరిగాను. ఆ పేరు నా నోట్లో ఎప్పుడూ లేదు, నాలుక ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"జోలిలే" అన్నాను.

గుమాస్తా చెవి కటకటాల దగ్గరికి వంచాడు. "వినపడలేదు. గట్టిగా చెప్పండి."

గట్టిగా చెప్పాను.